కుక్కకు కొట్టిన షాక్ మనకూ కొడుతుందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మా వీధి దీపస్తంభం పక్కన వాననీళ్లలో కుక్క షాక్ కొట్టి చచ్చిపోయింది. చెప్పులతో అటే నడిచిన మా బాబుకు ఏమీ కాలేదు. అంటే మనుషులకు భయం లేదా?

జవాబు: అలా అనుకోవద్దమ్మా! కుక్కకు ముందుకాళ్ల నుంచి వెనక్కాళ్లకు పోయే కరెంటు గుండె మీదుగా వెళ్తుంది. మనిషికి కాలి నుంచి కాలికి పోయేది చాలావరకు గుండెను తాకదు. బాబు తడిచేత్తో స్తంభం పట్టుకుంటే మాత్రం కరెంటు చేతి నుంచి కాలికి గుండె మీదుగా పోతుంది, లెక్క మారిపోతుంది. గుండె లయ తప్పించే కరెంటును మనుషుల మీద పరీక్షించలేం కదా, అందుకే 1936లో అమెరికాలో ఫెర్రిస్ అనే పరిశోధకుడి బృందం గొర్రెలు, దూడలు, పందులు, కుక్కల మీద చూసింది. తర్వాత డాల్జీల్ అనే అమెరికా ఇంజినీరు అలాంటి కొలతలను శరీర బరువుతో ముడిపెట్టి మనిషికి అంచనా కట్టాడు. బరువు తగ్గితే తట్టుకునే కరెంటూ తగ్గుతుంది. నాకు టెన్షన్ అంతా మీ బాబు గురించే. ఇవాళే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.