అప్‌గ్రేడ్ అయింది, వైఫై పోయింది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అప్పటి నుంచి ఇళ్లలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు చాలా విండోస్ 11కి మారుతున్నాయి. వాటి వెనకే ‘మార్చాక వైఫై రావట్లేదు’ అనే ప్రశ్నలూ వస్తున్నాయి. అందరూ చెప్పేది ఒకే మాటే గానీ జబ్బు ఒకటి కాదు. ల్యాప్‌టాప్ లోపల వైఫై అందుకునే కార్డే విండోస్‌కి కనబడకపోవడం వేరు, కార్డు ఉన్నా మన నెట్‌వర్క్ పేరు దొరక్కపోవడం వేరు, కనెక్ట్ అయ్యాక కూడా నెట్ రాకపోవడం వేరు. మీది ఏదో తేల్చుకోకుండా కనబడిన రీసెట్ బటన్లన్నీ నొక్కితే, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి.

ప్రశ్న: విండోస్ 11 వేసుకున్నాక టాస్క్‌బార్‌లో వైఫై బటనే కనబడటం లేదు, ఏరోప్లేన్ మోడ్ ఒక్కటే ఉంది. ల్యాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టే చోటు కూడా లేదు. ఏం చేయాలి? (తణుకు)

జవాబు: బటనే మాయమైందంటే విండోస్‌కి మీ కార్డు అందడం లేదన్నమాట. కాబట్టి రౌటర్ జోలికి, పాస్‌వర్డ్ జోలికి పోనక్కర్లేదు.

ముందు పైసా ఖర్చులేని పని చేయండి. మామూలుగా షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల డ్రైవర్లు (పరికరాలను నడిపించే ప్రోగ్రాంలు) ఏ స్థితిలో ఉన్నాయో డిస్క్ మీద రాసిపెట్టుకుని, మర్నాడు ఆ స్థితిలోనే లేస్తుంది. తప్పుగా లేచిన కార్డు మళ్లీ తప్పుగానే లేస్తుంది. అందుకని షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ పీకేయండి. బ్యాటరీ ఊడదీయగలిగే రకమైతే అదీ తీయండి. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు పోయి, కార్డు మొదటి నుంచి లేస్తుంది. డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 10’ (పరికరం మొదలవలేదు) చూపించే కార్డులు చాలాసార్లు ఇంతమాత్రానికే దారికొస్తాయి.

రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద వైఫై లేక వైర్‌లెస్ అన్న పేరు ఉందేమో చూడండి. లేకుంటే ‘అదర్ డివైసెస్’ కింద పసుపు గుర్తుతో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉండొచ్చు. అదే మీ కార్డు, డ్రైవర్ లేక అనాథగా పడి ఉంది. దాన్ని డబుల్ క్లిక్ చేసి ‘డీటెయిల్స్’లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. అక్కడ ‘వెన్’ (VEN) అన్న మూడక్షరాల పక్కనున్న కోడ్ కార్డు ఎవరిదో చెబుతుంది. 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్, 168సీ అయితే క్వాల్‌కామ్ ఏథెరాస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కూడా కంపెనీలు ఒక్కో విడతలో ఒక్కో కార్డు పెడతాయి. అందుకే మోడల్ పేరు చూసి డ్రైవర్ దించుకుంటే పొరపాటు కావొచ్చు.

డ్రైవర్ దించుకోవడానికి నెట్ ఎలా అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లోని హాట్‌స్పాట్ విభాగంలో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. విండోస్ దాన్ని లాన్ వైరులా చూస్తుంది, వేరే డ్రైవర్ అడగదు. కొన్ని చవక కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా పోదు. టెథరింగ్ బటన్ మసకగా ఉండి నొక్కుడుపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

ఇక డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో, అడుగున ఉన్న సీరియల్ నంబర్ కొట్టి తీసుకోండి. విండోస్ 11కని విడిగా లేకపోతే విండోస్ 10 64 బిట్‌ది దించుకోండి, చాలా కార్డులకు అది సరిపోతుంది. ఫైలు చేతికొచ్చాకే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందే తీసేసి ఇబ్బందిపడేవాళ్లు ఎక్కువ.

కార్డు జాబితాలో ఉండి పనిచేయకపోతే ఇంకో ఉపాయం ఉంది. దాని మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్, అందులో ‘బ్రౌజ్ మై కంప్యూటర్’, ఆ తర్వాత ‘లెట్ మీ పిక్’ నొక్కండి. అప్‌గ్రేడ్ తెచ్చిన కొత్త వెర్షన్‌తో పాటు పాతవి కూడా అక్కడ వరసగా కనబడొచ్చు. పాత తేదీ ఉన్నది ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ బటన్ మసకబారినవాళ్లకి కూడా ఈ దారి ఉంటుంది.

‘మీ డ్రైవర్లు 27 పాతబడ్డాయి’ అని బెదిరించే ఉచిత అప్‌డేటర్ యాప్‌లు మాత్రం వేయొద్దు. బాగున్న సౌండ్ డ్రైవర్‌ని కూడా పాడుచేసి కూర్చుంటాయి.

ఏదీ కుదరకపోతే, అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’తో విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. డిస్క్ ఖాళీ చేద్దామని ‘విండోస్ ఓల్డ్’ ఫోల్డర్ తీసేసి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. వెనక్కి వెళ్లినవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా అవి వస్తాయి.

ప్రశ్న: వైఫై కనెక్ట్ అయిందంటుంది, కింద ‘నో ఇంటర్నెట్’ అంటుంది. అదే వైఫైలో ఫోన్లు బాగానే నడుస్తున్నాయి. (ఖమ్మం)

జవాబు: ఫోన్లు నడుస్తున్నాయి కాబట్టి రౌటర్, లైను రెండూ బాగున్నాయి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొట్టి, వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తనకు తానే ఒకటి తగిలించుకుంది. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘ఐపీ అసైన్‌మెంట్’ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. 169.254 కాకుండా మీ రౌటర్ వరసకు కలవని అడ్రస్ ఏదో కనబడితే, అది ఎప్పుడో ఆఫీసు కోసం చేత్తో పెట్టుకున్నదై ఉండొచ్చు, అప్‌గ్రేడ్ తర్వాత కూడా అలాగే ఉండిపోతుంది.

అడ్రస్ 192.168తో మొదలై సరిగ్గానే ఉంటే ‘పింగ్ 1.1.1.1’ కొట్టండి. జవాబులు వస్తుంటే నెట్ ఉంది, సైట్ల పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గరే తిరకాసు. అదే పేజీలో డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 పెట్టండి.

పింగ్ కూడా రాకపోతే నా అనుమానమంతా పాత యాంటీవైరస్, వీపీఎన్‌ల మీదే. ఇవి నెట్‌వర్క్ దారిలో ఫిల్టర్లు దిగేస్తాయి. అప్‌గ్రేడ్‌లో ప్రోగ్రాం పోయినా, పాతబడినా ఫిల్టర్ అక్కడే ఉండి దారి మూసేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. మైక్రోసాఫ్ట్‌వి కాని, మీ యాంటీవైరస్ పేరో వీపీఎన్ పేరో ఉన్న వరసలకు టిక్ తీసేసి చూడండి. నెట్ వచ్చిందంటే ఆ ప్రోగ్రాంని దాని కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్‌తో పూర్తిగా తీసేయాలి.

నెట్‌వర్క్ రీసెట్ ఆఖరి అస్త్రం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, దాని కింద అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. నొక్కిన 5 నిమిషాలకు అదే రీస్టార్ట్ అవుతుంది. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మూత మూసి తెరిస్తే వైఫై ఉండదు. రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది. (నంద్యాల)

జవాబు: డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో ‘కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు’ అన్న అర్థం వచ్చే మొదటి టిక్ తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు. అలాంటప్పుడు తయారీదారు ఇచ్చిన డ్రైవర్, దాంతో పాటు బయాస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) అప్‌డేట్ వేయడమే మందు.

ప్రశ్న: అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన ల్యాప్‌టాప్. విండోస్ అప్‌గ్రేడ్ అయ్యాక మా ఇంటి వైఫై పేరు కనబడటం లేదు, పక్కింటివాళ్లవి మాత్రం కనబడుతున్నాయి. (కరీంనగర్)

జవాబు: నేరం అప్‌గ్రేడ్‌ది కాకపోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దగ్గర 13 దాకా ఛానెళ్లు వాడొచ్చు, అమెరికాలో 11తో సరి. అక్కడి మార్కెట్ కోసం తయారైన కార్డులు కొన్ని 12, 13 ఛానెళ్ల వైపు చూడనే చూడవు. మీ రౌటర్ ‘ఆటో’లో ఉండి ఏదో ఒకరోజు తనంతట తాను 12కో 13కో మారిందంటే, ఆ ల్యాప్‌టాప్ లెక్కలో మీ ఇంట్లో వైఫైయే లేదు. ఇక్కడ కొన్న ఫోన్లకి ఈ ఇబ్బంది లేదు కాబట్టి అనుమానం ల్యాప్‌టాప్ మీదికి పోతుంది.

రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టి, వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో ఛానెల్‌ని 1, 6, 11లో ఒకదానికి, వెడల్పుని 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేయండి. ఈ మూడు ఒకదాని మీద ఒకటి పడవు. అపార్ట్‌మెంట్ అయితే ఇరుగుపొరుగు తక్కువగా వాడుతున్నది ఎంచుకోండి. అదే పేజీలో సెక్యూరిటీ ‘డబ్ల్యూపీఏ3 ఓన్లీ’ అని ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉన్నదానికి మార్చండి. పాత కార్డులు, పాత డ్రైవర్లు ఒట్టి డబ్ల్యూపీఏ3తో కలవలేవు.

ప్రశ్న: కాలేజీ ఇచ్చిన విండోస్ 11 ఎడ్యుకేషన్ వేశాక, యూజర్‌నేమ్‌తో కలిసే క్యాంపస్ వైఫై రోజూ పాస్‌వర్డ్ అడుగుతోంది. (వరంగల్)

జవాబు: 22హెచ్2 వెర్షన్ నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో, హార్డ్‌వేర్ సహకరిస్తే, ‘క్రెడెన్షియల్ గార్డ్’ దానంతట అదే ఆన్ అవుతుంది. క్యాంపస్ వైఫైల్లో ఎక్కువగా కనిపించే ఎంఎస్-చాప్ వీ2 పద్ధతిలో, లాగిన్ వివరాలతో తనంతట తాను కనెక్ట్ అవడాన్ని ఇది అడ్డుకుంటుంది. అందుకే చేత్తో కొట్టాల్సి వస్తోంది. గార్డ్‌ని ఆపేయమని సలహాలు దొరుకుతాయి, వినకండి. పాస్‌వర్డ్‌లు దొంగల పాలవకుండా కాపాడేది అదే. సరైన పరిష్కారం కాలేజీ చేతిలో ఉంది. సర్టిఫికెట్‌తో నడిచే ఈఏపీ-టీఎల్ఎస్‌కి మారమని నెట్‌వర్క్ విభాగానికి రాయండి.

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లది ఇంకో గొడవ. 2024లో వచ్చిన సెకోయా నుంచి మ్యాక్ తన అసలు హార్డ్‌వేర్ అడ్రస్ దాచి మారు అడ్రస్ చూపిస్తుంది. హాస్టల్‌లో అడ్రస్ నమోదు చేసుకుని లోపలికి రానిచ్చే పద్ధతి ఉంటే గుమ్మంలోనే ఆపేస్తారు. వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ‘డీటెయిల్స్’ తెరిచి ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ని ఆ ఒక్క నెట్‌వర్క్‌కి ఆఫ్ చేస్తే చాలు.

ప్రశ్న: ఉబుంటు లినక్స్ 22.04 నుంచి 24.04కి మారాక రియల్‌టెక్ 8821సీఈ వైఫై పోయింది. అంతకుముందు గిట్‌హబ్ నుంచి తెచ్చిన డ్రైవర్‌తో నడిచేది. (హైదరాబాద్)

జవాబు: మీ సమస్య ఆ పాత డ్రైవర్‌తోనే. ఈ కార్డుకి లినక్స్ కెర్నల్‌లోనే (సిస్టమ్ గుండెకాయలోనే) 5.9 వెర్షన్ నుంచి ‘ఆర్‌టీడబ్ల్యూ88’ డ్రైవర్ ఉంది. కానీ బయటి డ్రైవర్ వేసుకునేటప్పుడు, రెండూ కొట్టుకోకుండా కెర్నల్‌లోదాన్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టమంటారు. ఇప్పుడు కొత్త కెర్నల్ మీద బయటిది కంపైల్ కాలేదు, లోపలిది బ్లాక్‌లిస్ట్‌లోంచి బయటికి రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది. టెర్మినల్‌లో ‘డీకేఎంఎస్ స్టేటస్’ (dkms status) కొట్టి, బయటి నుంచి వేసుకున్న డ్రైవర్ల జాబితాలో పాత డ్రైవర్ పేరు చూసి తొలగించండి. తర్వాత ‘ఈటీసీ’లోని ‘మోడ్‌ప్రోబ్.డీ’ ఫోల్డర్‌లో 8821సీఈ పేరున్న బ్లాక్‌లిస్ట్ వరసను తీసేసి రీస్టార్ట్ చేయండి.

బ్రాడ్‌కామ్ కార్డుల వాళ్లు ఫోన్ టెథరింగ్‌తో నెట్ తెచ్చుకుని ‘అడిషనల్ డ్రైవర్స్’ నుంచి వేసుకోవాలి. అక్కడొక మెలిక ఉంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను లేవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి 10 సెకన్లు ఆగుతుంది. అప్పుడే ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మాక్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. టీ తాగడానికి లేచి వెళ్లారో, తెర దాటిపోతుంది. డ్రైవర్ ఉన్నట్టే ఉండి లోడ్ కాదు.

ప్రశ్న: కార్డే పోయింది, కొత్తది వేయాలంటున్నారు షాపులో. నేనే కొనుక్కోవచ్చా? (నెల్లూరు)

జవాబు: ముందు కంప్యూటర్‌లో ఎక్కించకుండానే నడిచే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ‘ట్రై’ అని నొక్కండి. అందులో వైఫై వస్తే కార్డు బతికే ఉంది, షాపుకి డబ్బివ్వకండి. అందులోనూ రాకపోతే, బయాస్‌లో వైర్‌లెస్ ఆఫ్ చేసి లేదని చూసుకుని మార్చండి.

కొనేటప్పుడు ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 అడగండి. ఏఎక్స్201, 211 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, కానీ వాటిలో వైఫై తెలివి సగం ఇంటెల్ చిప్‌సెట్‌లో ఉంటుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో, పాత ఇంటెల్‌లో అవి పనిచేయవు. మీ పాత కార్డు 201 లేదా 211 అయితే మాత్రం అదే నంబరు తెచ్చుకోండి. సైజు ‘ఎం.2 2230’ అని రాసి ఉండాలి. పాత హెచ్‌పీ, లెనోవో మోడళ్లు కొన్ని తమ జాబితాలో లేని కార్డు పెడితే స్టార్ట్ అవ్వగానే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. వాటికి కంపెనీ పార్ట్ నంబర్ ఉన్నదే వేయాలి.

బిగించడానికి ఒక్క స్క్రూ. బ్యాటరీ వైరు పీకాకే చేయి పెట్టండి. కార్డు మీద రెండు సన్నటి యాంటెన్నా వైర్లు బొత్తాముల్లా అతుక్కుని ఉంటాయి, గోటితో నిటారుగా పైకి లేపండి. పక్కకి లాగితే తల విరుగుతుంది. తీసే ముందు ఏ రంగు వైరు ఏ వైపో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పెట్టేటప్పుడు ‘టిక్’ మని చిన్న చప్పుడు వినబడేదాకా నొక్కాలి. వినబడకుండా మూత బిగిస్తే రౌటర్ పక్కన కూర్చుంటేనే సిగ్నల్ వస్తుంది.