పిల్లలు ఎవరి దగ్గర, ఎప్పుడు: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడికి మేనత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "అత్తా, విడాకులయ్యాక పిల్లల్ని కలవడానికి నెలకు రెండు ఆదివారాలు అడుగుదామంటున్నాడు లాయరు, అంతకంటే ఎక్కువ అడగొచ్చా?" అన్నావు. అది ఫోన్లో తేలే విషయం కాదని ఊరుకున్నా. నల్లకోటు వేసుకుని ఏళ్ల తరబడి ఫ్యామిలీ కోర్టు వరండాల్లో తిరిగినదాన్ని. తెలిసింది కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు. చదివాక కోడలికీ చూపించు. ఇందులో ఆ అమ్మాయికి తెలియకుండా దాచాల్సింది ఏమీ లేదు.

ముందే ఒక మాట. మీ ఇద్దరికీ మాట పడక విడిపోతున్నారే తప్ప, ఇంట్లో కొట్టడాలూ బెదిరించడాలూ లేవు. అవి ఉన్న ఇంటికి ఈ సలహాలేవీ పనికిరావు. అక్కడ 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటే షరతులు పెడతాడు, పిల్లలకు హాని అనిపిస్తే కలవనివ్వడు కూడా. మీకు ఆ పరిస్థితి లేదు కాబట్టి పిల్లలు ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో మీరిద్దరూ కూర్చుని ఒక ప్లాన్ రాసుకోగలరు. రాసుకోండి.

నీకెన్ని రోజులు, తనకెన్ని రోజులు అనే దగ్గర మాత్రం మొదలుపెట్టకు. అలా మొదలుపెట్టిన వాళ్లు పిల్లల విషయాన్ని పొలం గట్టు తగాదా చేసేస్తారు, జానెడు తగ్గినా నిద్రపట్టదు. నా లెక్కలో మంచి ప్లాన్ అంటే ఒకటే. పాప పొద్దున లేచి "ఈరోజు నన్నెవరు తీసుకెళ్తారు?" అని ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు. నీ మాట వాళ్లమ్మకీ, వాళ్లమ్మ మాట నీకూ మోయాల్సిన పని అసలే ఉండకూడదు. ఈ రెండూ జరిగితే రోజులు ఒకటీ అరా అటూ ఇటూ అయినా పిల్లలు తట్టుకుంటారు.

దీనికి కోర్టు కంటే ముందు నువ్వు తేల్చుకోవాల్సింది అద్దె ఇల్లు. స్కూలు కూకట్‌పల్లిలో, నువ్వేమో ఆఫీసుకు దగ్గరని గచ్చిబౌలిలో ఫ్లాట్ చూస్తున్నానన్నావు. అక్కడి నుంచి బుధవారం సాయంత్రం ఐదింటికల్లా పిల్లల దగ్గరికి వస్తానని కాగితం మీద రాస్తావు. ఆ ట్రాఫిక్‌లో నువ్వొచ్చేసరికి ఏడవుతుంది. అప్పటిదాకా పాప చెప్పులేసుకుని బాల్కనీలో నిలబడి ఉంటుంది. రెండు సార్లు అలా జరిగితే మూడోసారి రానంటుంది. వాళ్లమ్మ నూరిపోసిందని నువ్వనుకుంటావు. స్కూలుకు పది నిమిషాల దూరంలో ఇల్లు తీసుకో. ఆఫీసు దూరమైతే అయింది, ఆ కష్టం నీది, పిల్లలది కాదు. ఇల్లు దగ్గరుంటే అడగకుండానే చాలా సమయం కలిసొస్తుంది. డ్రాయింగ్ క్లాసుకు దింపడం, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, ఇవన్నీ సమయమే.

ఇక వయసు సంగతి. బుడ్డోడికి మూడేళ్లు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోనే ఉంది. దాని మీద కొట్లాటకు దిగకు. ఆ వయసు వాడికి వారం అంటే ఎంతో తెలియదు. పదిహేను రోజులకోసారి రెండు రోజులు ఉంచుకోవడం కంటే వారంలో మూడు సార్లు రెండేసి గంటలు కనబడితేనే నాన్న గుర్తుంటాడు. స్నానం చేయించు, అన్నం పెట్టు, నిద్ర వచ్చే లోపు దింపేయ్. రాత్రి ఉంచుకోవడం రెండు మూడు నెలలు ఆగి ఒక్క రాత్రితో మొదలుపెట్టు, అదీ అక్క వెంట ఉన్న రోజునే. వాడు పట్టుకుని పడుకునే ఆ పాత దుప్పటి ఉంది కదా, అది వెంట రావాలని కూడా ప్లాన్‌లో రాయండి. నవ్వకు, రాయండి.

పాపకు ఎనిమిదేళ్లు. వారం విడిచి వారం, శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా నీ దగ్గర. మధ్యలో ఒక సాయంత్రం. "మొదటి శనివారం, మూడో శనివారం" అని రాసుకోకండి. ఐదు శనివారాలున్న నెల రాగానే ఆ ఐదోది ఎవరిదని గొడవ. వారం విడిచి వారం అని, మొదలయ్యే తేదీ వేసి, ఏడాది క్యాలెండర్ మీద గుర్తులు పెట్టేయండి. పండక్కి ఒక వారం పోతే పోయింది, దానికి బదులు అడగకూడదు, వరస మారకూడదు. ఈ ఒక్క వాక్యం లేక ఏడాది పొడవునా వాట్సాప్‌లో కొట్టుకున్న జంటల్ని చూశాను.

పిల్లల్ని తీసుకోవడం, అప్పజెప్పడం స్కూలు దగ్గరే పెట్టుకోండి. శుక్రవారం నువ్వు స్కూలు నుంచి తీసుకెళ్తావు, సోమవారం పొద్దున స్కూలుకే దింపుతావు. గుమ్మం దగ్గర మీ ఇద్దరూ ఎదురుపడే పని లేదు, లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటు వాళ్లు చూసేదీ లేదు. అయితే స్కూల్లో నీ పేరు మీద పేరెంట్ కార్డు ఉండాలి, వ్యాన్ డ్రైవర్‌కు ఏ శుక్రవారం పాప ఎక్కదో ముందే తెలియాలి. స్కూలు గ్రూపులో ఇద్దరి నంబర్లూ ఉండాలి. పీటీఎంకి, అదే టీచర్లతో తల్లిదండ్రుల మీటింగుకి, ఇద్దరూ వెళ్లొచ్చు, పక్కపక్కన కూర్చోవడం కష్టమైతే వేర్వేరు టైములు అడగండి, టీచర్లు ఇస్తారు. బుడ్డోడికి ఇంకా స్కూలు లేదు కాబట్టి వాణ్ని కింద సెక్యూరిటీ గేటు దగ్గర తీసుకో.

సోమవారం పొద్దున్న ఏడింటికి టై కనిపించదు, ఐడీ కార్డు ఆ ఇంట్లో ఉండిపోయింది, తెలుగు నోట్సు ఎక్కడుందో తెలియదు. అప్పుడు ఇద్దరికీ టెన్షన్, తిట్లు తినేది పాప. అందుకని యూనిఫారం రెండు జతలు, షూ, బెల్టు, టూత్‌బ్రష్షు, ఇంట్లో వేసుకునే బట్టలు రెండిళ్లలోనూ ఉంచండి. అటూ ఇటూ తిరగాల్సింది స్కూలు బ్యాగు ఒక్కటే. సూట్‌కేస్ మోసుకుని నాన్నింటికి వచ్చే పిల్ల అక్కడ చుట్టమే అవుతుంది. జ్వరం సిరప్ ఇచ్చి పంపితే ఎన్ని ఎంఎల్, ఎన్నింటికి ఇచ్చారో మెసేజ్ పెట్టాలి. అమ్మ నాలుగింటికి వేసిన డోసే నాన్న ఐదింటికి మళ్లీ వేయకుండా.

పండగల దగ్గర మీకు ఒక అదృష్టం ఉంది, గమనించారో లేదో. మనది హన్మకొండ, కోడలిది భీమవరం. మనకు దసరా పెద్ద పండగ, వాళ్లకు సంక్రాంతి. మరి ఏడాదికొకరు అని మార్చుకోవడం ఎందుకు? దసరా ఎప్పటికీ నీది, సంక్రాంతి ఎప్పటికీ తనది. హైదరాబాద్ స్కూళ్లకు దసరా సెలవులు దాదాపు రెండు వారాలుంటాయి. పాప సద్దుల బతుకమ్మకు ఇక్కడికి రావాలి, పద్మాక్షి గుట్ట దగ్గర నాతో ఆడాలి, నా స్వార్థమూ ఉంది ఇందులో. కానీ రెండు వారాలూ నీకే రావాలని పట్టుపట్టకు. దసరా అయిన మర్నాటి నుంచి మిగతా సెలవులు వాళ్లమ్మవి. సంక్రాంతికి తెలంగాణ స్కూళ్లు ఇచ్చే సెలవులు తక్కువ, భోగి నుంచి కనుమ దాకా చూసుకుని తిరిగి రావడానికే సరిపోతాయి, వాటిలో వాటా అడగకు. ఆ రైళ్లకు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచీ తెరవగానే నిండిపోతాయి. అంటే నవంబరు రెండో వారానికే ప్రయాణం తేదీలు ఖరారవ్వాలి. జనవరి మొదటి వారంలో "ఈసారి పంపను" అనే మాట రాకూడదు. దీపావళి, ఉగాది సరి సంవత్సరాల్లో ఒకరికి, బేసి సంవత్సరాల్లో ఒకరికి. పుట్టినరోజు ఎవరి దగ్గర వస్తే వాళ్ల దగ్గరే, రెండో వాళ్లు ఆ సాయంత్రం ఓ గంట కలుస్తారు. రెండు కేకులు కోసినా నష్టం లేదు.

ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. పాప రెండు వారాలు వరసగా నీ దగ్గర ఉండగలదు. బుడ్డోణ్ని మాత్రం ఈ రెండేళ్లూ నాలుగు రోజులకు మించి తల్లికి దూరంగా ఉంచకు. స్కూలు తెరిచే ముందు వారం పుస్తకాలు, అట్టలు, యూనిఫారాల హడావిడి ఉంటుంది, అది స్కూలు రోజుల్లో ఎక్కువగా ఉండే ఇంట్లోనే గడవనివ్వండి.

వీడియో కాల్ టైము కూడా రాసుకోండి. రాత్రి ఎనిమిదింటికి పది నిమిషాలు చాలు. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పిల్లల్ని కలవడమే కాకుండా ఫోన్లో, వీడియోలో మాట్లాడటం కూడా దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఉండాలని చెప్పింది. అయితే ఆ పది నిమిషాలూ స్పీకర్ పెట్టి అమ్మమ్మ, మామయ్య చుట్టూ నిలబడకూడదు. నీ వైపు కూడా అంతే. బుడ్డోడు రెండు నిమిషాలకే ఫోన్ పారేసి బొమ్మల దగ్గరికి పోతాడు. అది వాళ్లమ్మ చేయించింది కాదు, మూడేళ్ల పిల్లలు అంతే.

ఇప్పుడు మా వదిన సంగతి. మీ అమ్మ మంచిదే, కానీ పాప గుమ్మంలోకి రాగానే "మీ అమ్మ ఏం వండుతోంది? ఇంటికి ఎవరెవరు వస్తున్నారు?" అని మొదలుపెడుతుంది. పాప అన్నీ చెబుతుంది, రాత్రి వాళ్లమ్మ దగ్గర అవన్నీ చెప్పానని ఏడుస్తుంది. మీ అమ్మకు నువ్వే చెప్పాలి, నేను చెబితే ఆడపడుచు బోధ అవుతుంది. "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా" అనే ప్రశ్న మన చుట్టాల్లో ఎవరు వేసినా అక్కడే ఆపేయ్. "నాన్నను ఫీజు కట్టమని చెప్పు" అని అటు నుంచి వస్తే పాపకు జవాబు చెప్పి పంపకు, వాళ్లమ్మకే నేరుగా మెసేజ్ పెట్టు.

ఫీజులు, నెల ఖర్చులు వేరే కాగితం మీద రాసుకోండి. డబ్బు ఆలస్యమైందని పిల్లల్ని పంపకపోవడం, పంపలేదని డబ్బు ఆపేయడం, రెండూ కోర్టులో నిలబడవు.

మామయ్య వాళ్లు వంద రూపాయల బాండు పేపరు మీద రాసి, పెద్దమనుషుల ముందు సంతకాలు పెట్టిద్దామంటున్నారట. పెద్దమనుషులు కూర్చుంటే కూర్చోనీ, భోజనాలు పెట్టి పంపుదాం. కానీ రేపు ఎవరైనా మాట తప్పితే ఆ కాగితంతో అమలు చేయించుకోలేరు. మీరు మ్యూచువల్‌గా వెళ్తున్నారు కాబట్టి ఈ ప్లాన్ మొత్తాన్ని హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద ఇద్దరి ఒప్పుదలతో వేసే విడాకుల పిటిషన్‌లోనే పెట్టి, డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వులో, భాగం చేయించండి. పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది కదా, 2017లో సుప్రీంకోర్టు దాన్ని మాఫీ చేయొచ్చని చెబుతూ పెట్టిన షరతుల్లో పిల్లల కస్టడీ నిజంగా తేలిపోయి ఉండటం ఒకటి. మాఫీ దొరుకుతుంది కదా అని మీరు తొందరపడకండి. ఆ నెలల్లో ఈ ప్లాన్‌ను నడిపి చూడండి. బుధవారం కుదరట్లేదా, గురువారం చేయండి. ఎక్కడ పట్టుకుంటుందో తెలిశాకే జడ్జి ముందుకు వెళ్లండి. తర్వాత కూడా హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద మార్పు అడగొచ్చు. పిల్లల విషయంలో ఏ ఆర్డరూ శాశ్వతం కాదు. రేపు పాపను ఇంటర్‌కు హాస్టల్లో వేస్తే మీ ఇద్దరికీ మిగిలేది ఔటింగ్ రోజులే, అప్పుడు మళ్లీ రాసుకోవాల్సిందే.

నీకు ఆన్‌సైట్, అదే ఆఫీసు పని మీద విదేశంలో ఉండే అవకాశం, వచ్చే సూచన ఉందన్నావు. పిల్లల్ని దేశం దాటించాలంటే ఇద్దరి రాతపూర్వక ఒప్పుకోలు, రానుపోను టికెట్ల కాపీలు, పాస్‌పోర్టులు ఎవరి దగ్గర ఉంటాయో, ఇవి ఇప్పుడే రాసుకోండి. పిల్లల్ని ఒకరు వేరే దేశం తీసుకుపోతే వెనక్కి రప్పించే 1980 హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. కోడలికి ఆ భయం ఉంటే అది అనుమానం కాదు, న్యాయమైన భయం. నువ్వే ముందుగా ఆ షరతు రాసి ఇవ్వు, మిగతా మాటలు తేలికవుతాయి.

ఇద్దరికీ కుదరని మాట ఏదైనా వస్తే ఒకరికొకరు మెసేజ్ పెట్టుకుని రెండు రోజులు ఆగండి, అప్పటికీ తేలకపోతే ఫ్యామిలీ కోర్టు కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి. పాపను జడ్జిగారి చాంబర్‌లో కూర్చోబెట్టి "ఎవరి దగ్గర ఉంటావమ్మా" అని అడిగే దాకా తెచ్చుకోకండి. ఏ వయసు నుంచి అడగాలని చట్టంలో అంకె లేదు, ఆలోచించి చెప్పగలిగే పిల్ల అనిపిస్తే అడుగుతారు.

ముందు స్కూలు నుంచి ఈ ఏడాది క్యాలెండర్ తెప్పించు. దాని మీద రెండు రంగుల పెన్నులతో మీరిద్దరూ కలిసి గుర్తులు పెట్టండి, ఒక కాపీ నాకు పంపండి. లాయరుకు ఇచ్చే ముందు నేనొకసారి చూస్తాను. కోడలు ఏదైనా అడగాలనుకుంటే నాకు నేరుగా ఫోన్ చేయమను, మధ్యాహ్నం రెండు దాటాక ఖాళీగానే ఉంటాను.

మీ అత్త