ఆపరేషన్ డబ్బు సరే.. ఆ తర్వాత నెలనెలా మందుల మాటేమిటి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. మా అన్నయ్యకు 36 ఏళ్లు. రెండేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది, పింఛను వస్తోంది. కిడ్నీ మార్పిడి చేయిస్తే మంచిదని డాక్టర్లు చెప్పారు. అమ్మ (57) ఇస్తానంటోంది. ఆమె పలాసలో జీడిపప్పు పరిశ్రమకు పనికి వెళ్తుంది. తెల్లకార్డు ఉంది. విశాఖలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అన్నీ కలిపి తొమ్మిది లక్షలు అవుతాయన్నారు. ఉన్న ఎకరం కొబ్బరి తోట అమ్మేయాలా? ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాలా? ప్రభుత్వ సాయం ఎంతవరకు అందుతుంది?
– ఓ పాఠకుడు

జవాబు: తోట అమ్మకండి. కనీసం ఈ దశలో అమ్మకండి. 2018లో తిత్లీ తుపాను ఊడ్చేశాక నాటిన కొబ్బరి మీ వైపు ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది. ఆపరేషన్ రోజున కన్నా ఆ తర్వాతి పదేళ్లలోనే మీకు ఆ తోటతో ఎక్కువ పని. ఉన్నదంతా ఆపరేషన్‌కు పెట్టేసి, ఏడాది తిరిగేసరికి మందులకు వెతుక్కునే కుటుంబాలే ఎక్కువ. అందుకే మందుల లెక్క ముందు చెబుతాను.

అమ్మ ఇచ్చినా సరే, కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగానే చూస్తుంది. దాని మీదికి పోకుండా ఆపే మందులు ఆ కిడ్నీ ఉన్నన్నాళ్లూ వేసుకోవాలి. మామూలుగా మూడు ఉంటాయి. 60 కిలోల మనిషికి టాక్రోలిమస్ పొద్దున 3, రాత్రి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రక్తంలో ఎంత ఉందో చూస్తూ తగ్గిస్తారు. మైకోఫెనొలేట్ 500 మాత్రలు పూటకు రెండు. ప్రెడ్నిసొలోన్ 20 నుంచి మెల్లగా 5 మిల్లీగ్రాములకు దించుతారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు సీఎంవీ వైరస్ రాకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ కూడా ఉండొచ్చు. చీటీలో జేబుకు బాగా బరువయ్యేది అదే. పరీక్షలతో కలిపి మొదటి ఏడాది నెలకు పది, పదిహేను వేలు, తర్వాత ఆరు నుంచి పది వేలు అవుతాయని అనుకుని లెక్క వేసుకోండి. కంపెనీని బట్టి, మోతాదును బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది.

డబ్బు చాలని నెలలో ఏం జరుగుతుందంటే, ‘బాగానే ఉన్నాను కదా’ అని రాత్రి మాత్ర ఆపేస్తారు. నొప్పి ఉండదు, జ్వరం రాదు, మూత్రం కూడా మామూలుగానే వస్తుంది. లోపల మాత్రం తిరస్కరణ మొదలైపోతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. 1.2 ఉన్న అది 2.5 దాటాక గానీ సంగతి బయటపడదు. అప్పుడు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం), మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఆసుపత్రి మంచం.. నాలుగు నెలల మందుల డబ్బు నాలుగు రోజుల్లో పోతుంది. పోయిన పని మళ్లీ పూర్తిగా తిరిగి రాదు కూడా. చవగ్గా దొరికిందని కంపెనీ మార్చినా వారం, పది రోజుల్లో టాక్రోలిమస్ లెవెల్ చూపించుకోవాలి. ఆ పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలి. ముందే వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి మోతాదు తగ్గిస్తే కష్టం కిడ్నీకే.

ఇక ప్రభుత్వ సాయం. మీ కార్డుకు ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే మునుపటి ఆరోగ్యశ్రీ, వర్తిస్తుంది. అందులో కిడ్నీ మార్పిడి ఉంది. ఏటా 25 లక్షల పరిమితి అన్నారు కదా అని మార్పిడికి అంతా ఇస్తారనుకోకండి. ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ ధర ఉంటుంది, ఆసుపత్రికి అంతే చెల్లిస్తారు. మీకు తొమ్మిది లక్షలు చెప్పిన ఆసుపత్రి మార్పిడికి ఆ పథకం నెట్‌వర్క్‌లో ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. డయాలసిస్‌కు నెట్‌వర్క్‌లో ఉండి మార్పిడికి లేనివీ ఉంటాయి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను నాలుగు సంగతులు అడగండి: ప్యాకేజీలో ఇద్దరి పరీక్షలూ (ఇద్దరికీ పొసుగుతుందో చూసే హెచ్ఎల్ఏ, క్రాస్‌మ్యాచ్, అమ్మ కిడ్నీ రక్తనాళాలు చూసే సీటీ యాంజియో) కలుస్తాయా, తిరస్కరణ రాకుండా ఆపరేషన్ సమయంలో ఇచ్చే బాసిలిక్సిమాబ్ లాంటి ఖరీదైన ఇంజెక్షన్ ఎవరి ఖాతాలో వేస్తారు, ఆపరేషన్ తర్వాత మందుల ప్యాకేజీ ఎన్ని నెలలు, అది ఎక్కడ ఇస్తారు. ఆపరేషన్‌కు ముందే పథకాన్ని నడిపే ట్రస్టు అనుమతి రావాలి. సొంత డబ్బుతో చేయించుకుని తర్వాత కార్డు చూపిస్తే పని జరగదు.

ఆ అనుమతి వచ్చాక మిగిలిన లోటుకే ముఖ్యమంత్రి సహాయనిధి. ముందే కావాలంటే ఎల్వోసీ, అంటే ఇంత చెల్లిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం, అడగాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లండి. డిశ్చార్జి తర్వాత అయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. వైద్యసేవలో చెల్లించిన బిల్లునే మళ్లీ ఇక్కడ పెడితే తిప్పి పంపుతారు, కాబట్టి ఎస్టిమేట్‌లో ‘పథకం ఇచ్చేది ఇంత, రోగి పెట్టుకోవాల్సింది ఇంత’ అని విడగొట్టి రాయించుకోండి. ఒరిజినల్స్ ఎవరికి ఇచ్చినా ముందు రెండు సెట్లు జిరాక్స్ తీసి ఉంచుకోండి. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి కూడా కిడ్నీ మార్పిడికి ఇస్తుంది. ఆసుపత్రి వాళ్ల జాబితాలో ఉండాలి, డబ్బు నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. ఎంపీ సిఫార్సు లేఖ జత చేయడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకుంటే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రాష్ట్రీయ ఆరోగ్య నిధి నుంచి 15 లక్షల దాకా వస్తుంది. అదీ ముందే అడగాలి, ఖర్చయ్యాక ఇవ్వరు. జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమం కింద ప్రభుత్వ సంస్థల్లో పేద రోగులకు మందులకు నెలకు 10 వేల వరకు సాయం ఉంది. విశాఖలోని ప్రైవేటు ఆసుపత్రా, ప్రభుత్వ ఆసుపత్రా అన్నది తేల్చుకునేటప్పుడు ఈ పది వేలను కూడా తూకంలో వేయండి.

పింఛను గురించి చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. డయాలసిస్ పింఛను వేరు, మార్పిడి చేయించుకున్నవారి పింఛను వేరు. ఎన్టీఆర్ భరోసాలో 2024 నుంచి మార్పిడి వారికీ నెలకు 10 వేలు ఇస్తున్నారు. ఆపరేషన్ అయ్యాక పాత విభాగం కింద ధ్రువీకరణ అడిగితే ‘డయాలసిస్ లేదు కదా’ అని ఆగిపోతుంది. డిశ్చార్జి కాగానే సమ్మరీ తీసుకుని సచివాలయంలో విభాగం మార్పు కోసం దరఖాస్తు పెట్టండి. మందులకు మీకున్న గట్టి ఆధారం ఇదే.

కాగితాల దగ్గరే నెలలు పోతాయి. అమ్మ దగ్గరి బంధువు కాబట్టి చట్టప్రకారం ఇబ్బంది లేదు. కానీ అన్నయ్య ఆమె కొడుకేనని కాగితం చెప్పాలి. మన ఇళ్లలో అమ్మ ఆధార్‌లో పుట్టింటి పేరుంటుంది, రేషన్ కార్డులో అత్తింటి పేరు. కొడుకు టెన్త్ సర్టిఫికెట్‌లో ముద్దుపేరుతో ‘లక్ష్మి’ అనే ఉంటుంది. ముగ్గురు లక్ష్ములూ ఒకరేనని మార్పిడికి అనుమతి ఇచ్చే కమిటీకి ఎలా తెలుస్తుంది? ఆధార్ సవరణ, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఈ వారంలోనే మొదలుపెట్టండి. దాత మహిళ అయితే ఆమె తన ఇష్టంతోనే ఇస్తోందని రోగి కాకుండా వేరొకరు నిర్ధారించాలని అవయవ మార్పిడి చట్టం కింద వచ్చిన 2014 నిబంధనలు చెబుతున్నాయి. ఇంటర్వ్యూ వీడియో తీస్తారు. అమ్మను విడిగా కూర్చోబెట్టి అడిగితే కంగారు పడకండి, అది ఆమె కోసమే.

అమ్మ ఖర్చు మీ తొమ్మిది లక్షల్లో ఉందా? ఉండదు. పచ్చి జీడిపిక్కల బస్తా ఎత్తే పనికి ఆమె రెండు, మూడు నెలలు దూరంగా ఉండాలి. ఆ కూలీ లెక్కలో రాయండి. ఆ తర్వాత ఏటా ఆమెకు బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలూ అంతే.

ఆన్‌లైన్ విరాళాలు అడగొచ్చు, తప్పేమీ లేదు. కానీ వైద్యసేవ అనుమతి, ఎల్వోసీ తేలాక, మిగిలిన మొత్తానికే పెట్టండి. తొమ్మిది లక్షలు కావాలని పెట్టి ఆరు లక్షలు పథకంలో వస్తే రేపు ఊళ్లో మాట పడాలి. ఎంత రుసుము పట్టుకుంటారో చూడండి, డబ్బు ఆసుపత్రి ఖాతాకే వెళ్లేలా రాయండి. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు కనిపించే రిపోర్టులు పెట్టకండి. అలా పెట్టిన మర్నాడే ‘కిడ్నీ ఇచ్చేవాళ్లున్నారు, ముందు రిజిస్ట్రేషన్‌కు పాతిక వేలు’ అని ఫోన్ వస్తుంది. అవయవ కొనుగోలుకు అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. కొన్నవాడికీ అంతే.

మీ ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఒకటీ రెండూ కావు. డయాలసిస్ పింఛనైనా, పలాసలో 2023లో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి అయినా, మంచినీటి పథకమైనా ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవే. మార్పిడి అయినవారు ఇప్పుడు మండలానికి ఓ పది మంది కలిసినా చాలు. సోమవారం కలెక్టరేట్‌లో ‘మందులు రావట్లేదు’ అని చెబితే అర్జీ మీద ముద్ర పడుతుంది, అక్కడితో సరి. ‘టాక్రోలిమస్ 1 మి.గ్రా., ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా లేదు, ఈ ఎనిమిది మంది బయట కొన్నారు, బిల్లులు ఇవిగో’ అని రాస్తే సంబంధిత అధికారి జవాబు చెప్పక తప్పదు. అందరి చీటీల్లో మందు, మోతాదు, నెలకు ఎన్ని మాత్రలు అన్నది ఒకే పట్టికలో ఉంచుకోండి. ఎవరికైనా రెండు రోజులు సరుకు ఆగితే అదే కంపెనీ, అదే మోతాదు మాత్ర ఎవరి దగ్గరుందో దాన్లోనే తెలుస్తుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. అమ్మ బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించండి. రెండు వేల లోపు అవుతుంది. మీ ప్రాంతంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కిడ్నీ జబ్బు ఉండటం మామూలే, కాబట్టి మూత్రంలో ప్రొటీన్ సంగతి తప్పనిసరిగా చూడాలి. తేడా ఉంటే ఆమె ఇవ్వకూడదు. అప్పుడు అదే ఆసుపత్రి కోఆర్డినేటర్ ద్వారా అన్నయ్య పేరు జీవన్‌దాన్‌లో, అంటే చనిపోయినవారి అవయవాల కోసం ఎదురుచూసేవారి ప్రభుత్వ జాబితాలో, నమోదు చేయించాలి. ఫలితాలు బాగున్నా ఆ నమోదు చేయించి ఉంచితే మంచిదే.