అమ్మాయిగా పుట్టాను, కానీ లోపల అలా అనిపించదు. ఇది మానసిక జబ్బా? డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

జబ్బు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు, కానీ వేరే పని మీద. అదేంటో తర్వాత చెప్తాను. ముందు హిందీ గురించి చెప్పాలి.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో ఆడపిల్లగా పెరిగాను. ఇప్పుడు ముప్పై మూడేళ్లు, గడ్డం ఉంది, ఆఫీసులో కుర్రాళ్లు 'బ్రో' అంటారు. చిన్నప్పుడు చెట్లెక్కుతుంటే మా నాయనమ్మ 'మగరాయుడు' అని తిట్టేది. ఆ తిట్టు వినడానికే ఇంకో రెండు కొమ్మలు పైకెక్కేవాణ్ణి. నాన్న నన్ను "ఏరా", "ఒరే నాన్నా" అని పిలిచేవాడు. మన ఇళ్లల్లో ఆడపిల్లల్ని కూడా ముద్దుగా 'రా' అంటారు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

పదమూడో ఏట 'పెద్దమనిషిని' అయ్యాను. ఆ మాట కనిపెట్టినవాళ్లెవరో గానీ నాతో బాగానే పరాచికమాడారు. చాప, చిమ్మిలి, పూలజడ, సందు మొదట్లో పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నా ఫొటోకి అటొకటి ఇటొకటి హంసలు. స్కూలు బస్సు రోజూ సరిగ్గా దాని ముందే ఆగేది. నెల్లాళ్లు ఎవరూ పీకలేదు. ఆడపిల్ల ఒంట్లో జరిగిన సంగతి ఊరంతటికీ కలర్లో అచ్చేసి చెప్పాల్సిన అవసరం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, అది వేరే గొడవ. ఆ ఫంక్షన్ అయ్యాక నాన్న 'రా' మానేశాడు. 'ఏమ్మా' మొదలుపెట్టాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పోయింది ఒక్క అక్షరం. దానికి నేను అన్నం మానేశానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

ఇంటర్లో నిద్ర పట్టక మార్కులు పడిపోతే టౌన్లో ఒక డాక్టర్‌కి చూపించారు. ఆయన నాతో నాలుగు నిమిషాలు, నాన్నతో అరగంట మాట్లాడాడు. "పెళ్లి చేస్తే సర్దుకుంటుంది" అన్నాడు. మన దగ్గర మొటిమల నుంచి మూర్ఛ దాకా అన్నిటికీ ఇదొక్కటే మందు.

2014 ఫిబ్రవరిలో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో దిగాను. మా టీమ్‌లో సగంమంది ఉత్తరాదివాళ్లు. తెలుగులో 'నేను వస్తాను' అంటే, అన్నది ఆడో మగో మాటని బట్టి తెలియదు. ఇరవై ఏళ్లు ఆ 'నేను' చాటునే బతికాను. హిందీలో ఆ చాటు లేదు. నోరు తెరిస్తే మగవాడైతే ఆతా, ఆడదైతే ఆతీ. ఏదో ఒకటి అక్కడికక్కడే తేల్చుకోవాలి.

ఒకరోజు సాయంత్రం అందరం టీకి లేచాం. ప్రింటర్ దగ్గర నా కాగితాలున్నాయి, తెచ్చుకుంటానని చెప్పబోయి "మై లేకే ఆతా హూ" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. భోపాల్ నుంచి వచ్చిన అమ్మాయి పగలబడి నవ్వింది. "ఆతీ హూ! మీ తెలుగువాళ్లకి ఈ జన్మకి రాదు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ప్రింటర్ దాకా నడుస్తుంటే చెవులు కాలిపోతున్నాయి. సిగ్గేమో అనుకున్నాను. కాదు, ఫస్ట్ క్లాస్ వచ్చినప్పుడు కూడా అలాగే కాలాయి. కాగితాలు అక్కడే మర్చిపోయి ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

రాత్రి హాస్టల్ బాత్రూంలో కుళాయి తిప్పి, బకెట్ నిండే చప్పుడులో, నాకు తెలిసిన హిందీ మాటలన్నీ వరసగా అనుకున్నాను. ఖాతా హూ. సోతా హూ. జాతా హూ. రోతా హూ. ఆ చివరిదానికి ఏడుస్తున్నానని అర్థం, తెలుగు చెవికేమో రోత. పదేళ్లుగా నా దగ్గరున్నవి ఆ రెండే కదా అని నవ్వొచ్చింది. బయట బకెట్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి తలుపు బాదింది. "ఎవరితోనే ఆ మాటలు?"

ఎనిమిది నెలలు వాళ్లు దిద్దుతూనే ఉన్నారు, నేను తప్పు మాట్లాడుతూనే ఉన్నాను. తెలుగువాళ్లకి హిందీ లింగాలు రావన్న చెడ్డపేరు నాకు గొడుగులా పనికొచ్చింది. అందుకే నా సిద్ధాంతం ఒకటుంది: హిందీవాళ్లకంటే తెలుగువాళ్లకి ఈ సంగతి పదేళ్లు ఆలస్యంగా తెలుస్తుంది. రుజువు చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. అయినా నిజం.

అదే ఏడాది ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో తీర్పిచ్చింది. ఎవరి జెండర్ ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చని. ఆఫీసు క్యాంటీన్‌లో టీవీలో చూశాను. తీర్పు గురించి రెండు ముక్కలు చెప్పి, రైళ్లలో చప్పట్లు కొట్టి డబ్బులడిగే దృశ్యాలే తిప్పి తిప్పి వేశారు. అది నా గురించి కూడా అని నాకు తట్టనేలేదు. తెలుగులో హిజ్రా అనే మాటుంది, దానికి తోడు తిట్లు అరడజనున్నాయి. నాలాంటివాళ్లకి ఒక తిట్టు కూడా లేదు. 'ట్రాన్స్ మ్యాన్', అంటే ఆడపిల్లగా పుట్టిన మగవాడు, అన్న మాట వినడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. మగవాడు ఆడదానిలా కనిపిస్తే ముచ్చటపడటం మావైపు కొత్తేం కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆడవేషాలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన సత్యభామని చూశానని మా తాత చచ్చేదాకా చెప్పుకున్నాడు. కాకపోతే తెర దించాక పంచె కట్టుకోవాలి, అదీ షరతు.

ఇక డాక్టర్ సంగతి. 2017లో హైదరాబాద్‌లో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. అంతా విని, "నీకు డిప్రెషన్ ఉంది, దానికి మందిస్తాను. అబ్బాయినన్నావు, అది కూడా రాసుకుంటాను. జబ్బుల వరసలో మాత్రం రాయను" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చేయడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2019లో ఆమోదించిన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేశారు, 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మనల్ని 'మార్చేస్తాం' అనే కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన తప్పుగా చూడాలని మన నేషనల్ మెడికల్ కమిషన్ కూడా 2022లో చెప్పింది. కాబట్టి ఏ డాక్టరైనా పెళ్లి మాటెత్తితే లేచి వచ్చేయండి. ఫీజు పోతే పోయింది.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ రాత్రే అలా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. హార్మోన్లు కావాలన్నా డాక్టర్ తప్పదు, యూట్యూబ్ చూసి ఇంజక్షన్లు కొనుక్కోకండి. మీరు అబ్బాయో అమ్మాయో తేల్చిపెట్టమని మాత్రం వెళ్లకండి. అది డాక్టర్లు చదువుకున్న పుస్తకాల్లో ఉండదు. సర్టిఫికెట్, ఆధార్ గురించి కావాలంటే విడిగా అడగండి. పదో తరగతి మెమోలో పేరు మార్పు గురించి అడగొద్దు, నాకు బీపీ వస్తుంది.

నాన్న మళ్లీ 'రా' అంటున్నాడా అంటే, లేదు. 'ఏమ్మా' కూడా మానేశాడు. ఫోనెత్తగానే నేరుగా "తిన్నావా" అంటాడు.

అమ్మ ఇంకో దారి కనిపెట్టింది. 'వచ్చాడు' అనలేదు, 'వచ్చింది' అనదు. మొన్న సంక్రాంతికి నేనొక్కణ్ణే ఆటో దిగాను. అమ్మ గేటు దగ్గర నిలబడి పక్కింటావిడతో "మావాళ్లొచ్చారండీ" అంది. ఆవిడ నన్ను చూసి, ఆటోలోకి తొంగి చూసి, "మిగతావాళ్లేరీ?" అంది.