మొదటి బిడ్డకు తలసీమియా వస్తే తర్వాతి బిడ్డలకు రాదా?

రావచ్చు. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, జన్యువుల ద్వారా వచ్చే జబ్బు. తల్లిదండ్రులిద్దరూ బీటా తలసీమియా క్యారియర్లైతే, అంటే తమకు జబ్బు లేకుండానే దాని జన్యువును మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ ఆ జబ్బు వచ్చే అవకాశం అదే 25 శాతం. ప్రతి బిడ్డకూ తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒకటి కొత్తగా వస్తాయి. బొమ్మా బొరుసూ వేసినట్టే, కిందటిసారి ఏం పడిందన్నదానితో పనిలేదు.

గుంటూరులో మేనరికం చేసుకున్న జంట అనుకుందాం. పెద్దబాబుకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, చిన్న చేతికి సూది గుచ్చిన మచ్చలు. మళ్లీ గర్భం వస్తే 11వ వారం దాటాక మాయ నుంచి ముక్క తీసి పరీక్షిస్తే బిడ్డ సంగతి తెలుస్తుంది.

"నలుగురిలో ఒకరికి" అంటే ఒకరికి వచ్చేసింది, మిగతా ముగ్గురూ క్షేమం అనుకోవడమే పొరపాటు. క్యారియర్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు. జాతకాలతోపాటు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష (క్యారియరా కాదా చెప్పేది) కూడా పెళ్లికి ముందే చూసుకోండి, దయచేసి.