సున్నకట్టు పట్టిన పట్టుపురుగు, కీడాజడీ ఒకటేనా?

"సున్నకట్టుతో చచ్చిన పట్టుపురుగును ఎండబెడితే కీడాజడీ అవుతుందా?" అని అడిగారు. సున్నకట్టు పట్టుపురుగులకు వచ్చే శిలీంధ్ర రోగం. కీడాజడీ అంటే హిమాలయాల్లో గొంగళిపురుగులోంచి మొలిచే, మంచి ధరకు అమ్ముడయ్యే పుట్టగొడుగు. అది ఇది అవ్వదు. కానీ పోలిక ఉంది. రెండింటి వెనకా ఉన్నవి హైపోక్రియేల్స్ అనే ఒకే క్రమానికి చెందిన శిలీంధ్రాలు. రెండూ గొంగళిపురుగును లోపల్నుంచి తినేసేవే.

సున్నకట్టు తెచ్చేది బ్యువేరియా బాసియానా. వేడి 25 డిగ్రీల లోపు, గాలిలో తేమ 90 శాతం పైన ఉంటే విజృంభిస్తుంది. చచ్చిన పురుగు ముందు గట్టిపడుతుంది, తర్వాత సున్నంముక్కలా తెల్లబడుతుంది. ఆ తెలుపంతా బీజాల పొడే. అందుకే తెల్లబడకముందే ఏరి కాల్చెయ్యాలి. తెల్లబడ్డాక కదిపితే పొడి లేచి తట్టంతా అంటుకుంటుంది. తడి ఆకు వెయ్యకండి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు (పొర విడవడానికి మేత మాని కదలకుండా ఉన్నప్పుడు) పడక మీద పొడి సున్నం చల్లండి. చాలామంది దీన్నే వదిలేస్తారు.

కీడాజడీ (ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్) సంగతి వేరు. టిబెట్, నేపాల్, భూటాన్‌తో పాటు మన ఉత్తరాఖండ్‌లో మున్సియారీ, ధార్చులా పైన పచ్చికమైదానాల్లో, 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తులో దొరుకుతుంది. పట్టుపురుగు నెల లోపే గూడు కడుతుంది. అక్కడి థిటారోడెస్ చిమ్మట లార్వా మాత్రం వేర్లు తింటూ ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంటుంది. శిలీంధ్రం పట్టిన లార్వా తల పైకి పెట్టి, నేలకు కాస్త లోతులోనే చస్తుంది. మంచు కరిగాక తలలోంచి అగ్గిపుల్లకన్నా కాస్త లావుగా గోధుమరంగు కాడ లేస్తుంది. పుట్టగొడుగు అంటే ఆ కాడే.

కాడ ముదిరి బీజాలు వదిలేసరికి కింద పురుగు డొల్లబారి ధర పడిపోతుంది. కాబట్టి జనం లేతగా ఉండగానే తవ్వేస్తారు. పట్టు షెడ్డులో మనల్ని కాపాడే పనే, బీజాలు పడకముందే ఏరెయ్యడం, అక్కడ జాతిని తుడిచేస్తోంది. పదిహేనేళ్లలో కనీసం 30 శాతం తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020లో దీన్ని 'వల్నరబుల్' (ముప్పు పొంచి ఉన్న) జాబితాలో పెట్టింది. 'ఎండేంజర్డ్' (అంతరించే ప్రమాదంలో ఉన్నది)కు ఒక మెట్టు కింద అన్నమాట.

అసలుదైతే పొట్ట కింద ఎనిమిది జతల కాళ్లు కనిపించాలి, మధ్య నాలుగు జతలు స్పష్టంగా. పిండితో అచ్చు పోసినవి నీళ్లలో కరుగుతాయి. బరువు కోసం లోపల తీగ గుచ్చినవీ ఉంటాయి, విరిచి చూడండి. నారింజ రంగులో ఉంటే అది కార్డిసెప్స్ మిలిటారిస్ అనే వేరే శిలీంధ్రం. దాన్ని బియ్యం మీదా, పట్టుపురుగు ప్యూపాల మీదా పెంచుతారు. ఎక్కడైనా "పట్టుపురుగు కీడాజడీ" అని వింటే, అది బహుశా ఇదే.