సినాప్స్ ఏర్పడటంపై పరిశోధన చేయాలంటే ఏం నేర్చుకోవాలి?

మీరు బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్నారనీ, మెదడులో నాడీకణాల మధ్య సినాప్సులు ఎలా ఏర్పడతాయన్న విషయంపై పీహెచ్‌డీ చేయాలని ఉందనీ, దానికి కావలసిన శిక్షణ ఏమిటో, ఆ పనిలో రోజులు ఎలా గడుస్తాయో తెలుసుకోవాలనుకుంటున్నారనీ రాశారు. నేను ఇదే విషయంపై పీహెచ్‌డీ పూర్తిచేసి పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన ఉద్యోగంలో, రెండో ఏడాదిలో ఉన్నాను. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను కాబట్టి నా అనుభవం మీకు కొంతైనా పనికివస్తుందని అనుకుంటున్నాను.

ఒక నాడీకణం నుంచి మరో కణానికి సంకేతం అందే చోటుకు సినాప్స్ అన్న పేరును బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1897లో వాడుకలోకి తెచ్చాడు. అక్కడ రెండు కణాల మధ్య ఉండే ఖాళీ సుమారు 20 నానోమీటర్లు మాత్రమే. మేము రోజూ వాడే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. ఈ రంగంలో శిక్షణ అంటే ప్రధానంగా ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరాన్ని ఎప్పుడూ గుర్తుంచుకుని పనిచేయడం నేర్చుకోవడమేనని నా అభిప్రాయం. సంకేతం పంపే వైపు ఉండే బసూన్ అనే ప్రోటీనుకు ఒక రంగు, అందుకునే వైపు ఉండే పీఎస్‌డీ-95 అనే ప్రోటీనుకు మరో రంగు వచ్చేలా, ఆయా ప్రోటీన్లకే అతుక్కునే యాంటీబాడీలు వేసి, రెండు రంగుల చుక్కలు కలిసిన చోట సినాప్స్ ఉందని లెక్కవేస్తాం. ఊరికే పక్కపక్కన పడిన చుక్కలు కూడా ఆ మైక్రోస్కోపులో కలిసినట్టే కనిపిస్తాయి. అందుకే ఆ లెక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనో, కణం నుంచి విద్యుత్ సంకేతాలు నమోదు చేసో సరిచూసుకోవాలి.

నా మొదటి ఆరు నెలలు దాదాపుగా కణాలను బతికించడంలోనే గడిచాయి. గర్భం దాల్చిన 18వ రోజున ఎలుక పిండాల మెదడు నుంచి హిప్పోకాంపస్ అనే భాగాన్ని తీసి, ఎంజైముతో మెత్తబరచి, మొనను మంటలో నునుపు చేసిన గాజు పిపెట్‌తో బుడగలు రాకుండా మెల్లగా పీల్చి వదులుతూ కణాలను విడదీయాలి. చెయ్యి కాస్త తొందరపడితే కణాలు పగిలిపోతాయి. వాటిని పరిచే గాజు కవర్‌స్లిప్పుకు ముందురోజే పాలీలైసిన్ పూత వేయాలి. ఆ పూతను సరిగా కడగకపోతే మిగిలినది కణాలకు విషమవుతుంది. నా మొదటి కల్చర్లు, అంటే డిష్షుల్లో పెంచిన కణాల సమూహాలు, నాలుగైదు ఆ కారణంగానే మూడో రోజుకల్లా చచ్చిపోయాయి. అన్నీ సవ్యంగా సాగినా లెక్కపెట్టదగిన సినాప్సుల కోసం రెండు మూడు వారాలు ఆగాలి. అంటే ఒక పొరపాటు చేసి, దాన్ని దిద్దుకుని, ఫలితం చూసేసరికి నెల గడిచిపోతుంది.

మూడో ఏడాదిలో జరిగినది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా శిక్షణలో అతి ముఖ్యమైన భాగం అదే. ఒక ప్రోటీనును తగ్గించిన డిష్షుల్లో సినాప్సులు మూడో వంతు తగ్గినట్టు నాకు కనిపించింది. గ్రాఫు గీసి గైడ్‌కు చూపిస్తే, లెక్కపెట్టేటప్పుడు ఏ డిష్ ఏదో నీకు తెలుసా అని ఒక్కమాట అడిగారు. తెలుసు. మర్నాడు నా తోటి విద్యార్థిని చిత్రాల ఫైళ్ల పేర్లన్నీ మార్చి, అసలు పేర్ల జాబితా తన దగ్గరే ఉంచుకుంది. మళ్లీ లెక్కపెట్టడానికి రెండు వారాలు పట్టింది, తేడా దాదాపుగా మాయమైంది. జరిగిందేమిటంటే, ఏ వెలుగుకు పైనున్న చుక్కలను లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించే త్రెషోల్డ్ స్లైడరును కొద్దిగా జరిపినా మసక చుక్కలు వందలకొద్దీ పోతాయి. నేను నాకే తెలియకుండా ఒక రకం డిష్షులకు దాన్ని కాస్త ఎక్కువగా జరుపుతూ వచ్చాను. మిగిలిన చిన్న తేడాకు కారణం కూడా ప్రోటీను కాదు. ఆ డిష్షుల్లో ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు తక్కువగా పెరిగాయి. నాడీశాస్త్రవేత్త బెన్ బారెస్ ల్యాబ్ 2001లోనే ఈ సంగతి చూపించింది: రెటీనా నాడీకణాలను గ్లియా కణాలతో (ఆస్ట్రోసైట్లు ఈ కోవలోవే) కలిపి పెంచితే సినాప్సుల సంఖ్య సుమారు ఏడు రెట్లు పెరిగింది. ఆ పేపరును నేను మొదటి ఏడాదిలోనే చదివాను. నా డిష్షుకూ అది వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. ఏడాది పని పోయిందని ఆ రోజు చాలా ఏడ్చాను. ఆ తరువాత మాత్రం పేర్లు దాచకుండా ఒక్క చిత్రం కూడా లెక్కపెట్టలేదు.

పేపర్లు చదివేటప్పుడు కూడా సినాప్స్ ఏర్పడటం, పనిచేయడం, నిలిచి ఉండటం వేర్వేరు ప్రశ్నలని గుర్తుంచుకోండి. న్యూరోలిజిన్ అనే ప్రోటీనును నాడీకణాలు కాని కణాల్లో ఉంచినా, వాటిని తాకిన ఆక్సాన్లు (నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్లే పోగులు) అక్కడ సినాప్స్ తొలి భాగాలను కట్టుకుంటాయని 2000లో తేలింది. దాన్నిబట్టి సినాప్స్‌ను పుట్టించేది అదేనని చాలామంది అనుకున్నారు. కానీ 2006లో న్యూరోలిజిన్ రకాల్లో మూడింటిని (1, 2, 3) తొలగించిన ఎలుక పిల్లలు ఊపిరి అందక పుట్టగానే చనిపోయినా, వాటి మెదడులో సినాప్సుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. తగ్గింది వాటి పనితీరు. మంక్18-1 అనే ప్రోటీను లేని ఎలుకల కథ నాకు ఇంకా ఇష్టం. వాటిలో సంకేతాన్ని మోసే రసాయనమైన న్యూరోట్రాన్స్‌మిటర్ విడుదలే జరగదు, అయినా సినాప్సులు ఏర్పడతాయి, తరువాతే కణాలు క్షీణిస్తాయి. సంకేతాలు అందకపోయినా సంధి కట్టుకోవడం మొదలవుతుందంటే, ఆ తొలి నిర్ణయం ఎక్కడ జరుగుతోందన్న ప్రశ్నే నన్ను ఈ రంగంలో నిలబెట్టింది.

ఇక చేరడం సంగతి. జువాలజీ అడ్డంకి కాదు. మా ల్యాబులో ఫిజిక్స్ చదివినవారూ ఉండేవారు. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ లేదా జేజీఈబిల్స్ ప్రవేశ పరీక్ష రాసి, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ వంటి పరిశోధన సంస్థల్లో ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 ఇస్తున్నారు. ఇంటికి డబ్బు పంపాల్సిన వారికి ఇది ఇరుకే, ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. కోర్సులకన్నా ముందు గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకోండి. ఒకే కల్చర్‌లోని 40 కణాలను కొలిచినా అది ఒక్క ప్రయోగమే, 40 కాదు. ఇది అర్థంకావడానికి నాకు ఏడాది పట్టింది.

ఈలోగా మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి, రెండు నెలలు ల్యాబులో ఉండవచ్చు. అక్కడ చేరిన మొదటి వారంలో, చిత్రాలు లెక్కపెట్టేటప్పుడు ఫైళ్ల పేర్లు ఎవరు దాస్తారో అడగండి. ఆ పని చేసే మనిషి పక్కన కూర్చుని, ఒక పూట కలిసి చుక్కలు లెక్కపెట్టండి.